దూరపు సభ్యుడి ఓటు



డిగ్రీ కళాశాలలో చరిత్ర చెప్పేవారు ఇద్దరు ముగ్గురు ఉంటారు. సిలబస్ మారినా, విశ్వవిద్యాలయం నుంచి కొత్త సర్క్యులర్ వచ్చినా ఒకరినొకరు అడిగి తెలుసుకుంటారు. లైబ్రేరియన్‌కు ఆ వీలు లేదు. చాలా కళాశాలల్లో ఆ విద్య చదువుకుని వచ్చిన మనిషి ఒక్కరే. యాక్సెషన్ రిజిస్టరు రాసేదీ, పుస్తకం వెన్ను మీద వర్గ సంఖ్య వేసేదీ, ఆఖరి ఏడాది పిల్లల నో డ్యూస్ కాగితాల మీద సంతకం పెట్టేదీ, కళాశాలను మదింపు చేసే నాక్ సంస్థకు లెక్కలన్నీ చూపేదీ ఆ ఒక్కరే. సెలవు పెడితే గదికి తాళం పడుతుంది.

ఆ మనిషికి వచ్చే చిక్కులు కూడా వేరుగా ఉంటాయి. స్టాక్ వెరిఫికేషన్‌లో కొన్ని పుస్తకాలు కనిపించలేదని తేలుతుంది. వాటి విలువ జీతంలోంచి కోయాలని ఆఫీసు ఫైలు నడుపుతుంది. నిజానికి దీని మీద కేంద్ర ప్రభుత్వ సంస్థలకు స్పష్టమైన నియమమే ఉంది. సాధారణ ఆర్థిక నియమావళి, 2017లో 215వ నియమం ప్రకారం, ఏడాదిలో పాఠకులకు ఇచ్చిన, లేదా అక్కడే చదవడానికి తీసిన ప్రతి వెయ్యి పుస్తకాలకు ఐదు పోవడాన్ని సమంజసమైన నష్టంగానే చూడవచ్చు. ఆ నష్టం వెనుక నిర్లక్ష్యం గానీ మోసం గానీ ఉండకూడదు. వెయ్యి రూపాయలకు మించిన పుస్తకమో, అరుదైన పుస్తకమో పోతే మాత్రం విచారణ తప్పదు. 20,000 పుస్తకాల దాకా ఉన్న గ్రంథాలయంలో ఏటా పూర్తి తనిఖీ, 50,000 దాకా ఉంటే మూడేళ్లకు ఒకసారైనా తనిఖీ, అంతకు మించితే మూడేళ్లకు మించకుండా నమూనా తనిఖీ చేయాలని కూడా అందులోనే ఉంది. ఈ నియమం రాష్ట్ర కళాశాలలకు దానంతట అది వర్తించదు. దాన్ని ఆదర్శంగా చూపించి, మన దగ్గరా అలాంటిది కావాలని ఎవరో ఒకరు అడగాలి. ఒంటరి ఉద్యోగి ప్రిన్సిపాల్ గదిలో నిలబడి అడిగితే అది వ్యక్తిగత విన్నపం. రాష్ట్రంలోని కళాశాల లైబ్రేరియన్లందరి పేరున ఒక సంఘం లిఖితపూర్వకంగా అడిగితే, ఆ కాగితానికి జవాబు ఇవ్వక తప్పదు.

అందుకే సంఘం. సంఘం పుట్టగానే నిబంధనావళి కావాలి. ఎవరు సభ్యులు, ఎంతమంది వస్తే సమావేశం చెల్లుతుంది, అధ్యక్షుడు ఎన్నాళ్లు ఉండాలి, డబ్బు మీద ఎవరి సంతకం ఉండాలి, నిబంధనను మార్చాలంటే ఏం చేయాలి అనే ఆ నాలుగైదు పేజీలను అచ్చు వేయించి బీరువాలో పెట్టేసే సంఘాలే ఎక్కువ. ఆ పేజీలను జాగ్రత్తగా చదవాల్సిన అవసరం గురించే ఈ ప్రసంగం. చదివేటప్పుడు ఒక్క ప్రశ్నను దగ్గర పెట్టుకుంటే చాలు: పాడేరులోనో ఉట్నూరులోనో ఒంటరిగా పనిచేస్తూ, ఈసారి సమావేశానికి రాలేకపోయిన సభ్యుడికి ఈ నిబంధన ఏం ఇస్తోంది?

కళాశాల లైబ్రేరియన్లు నిబంధనలు లేకుండా కలుసుకుంటే ఏమవుతుందో, నిబంధనలు వచ్చాక ఏమవుతుందో తెలుసుకోవడానికి ఒక సంస్థ చరిత్ర బాగా పనికొస్తుంది. అది అమెరికాలోది. అక్కడి గ్రంథాలయ సంఘం 1876లో ఫిలడెల్ఫియాలో పుట్టింది. అందులో పౌర గ్రంథాలయాల వారిదే సందడి. ఊరి గ్రంథాలయానికి పాఠకులను ఎలా రప్పించాలి, కొత్త భవనం ఎలా కట్టించాలి అనే చర్చల మధ్య కళాశాలల వాళ్ల గోడు వినేవారు తక్కువ. 1889లో సెయింట్ లూయిస్‌లో మహాసభ జరిగినప్పుడు 13 మంది కళాశాల లైబ్రేరియన్లు విడిగా కూర్చుని, తమకొక ప్రత్యేక విభాగం కావాలని తేల్చారు. మరుసటి ఏడాది న్యూ హాంప్‌షైర్‌లోని వైట్ మౌంటెన్స్‌లో మొదటి సమావేశం పెడితే 15 మంది వచ్చారు. చిన్న గుంపే. కానీ తూర్పు తీరంలోని పెద్ద కళాశాలల్లో చాలావాటి లైబ్రేరియన్లు ఆ పదిహేను మందిలోనే ఉన్నారు.

ఆ తర్వాత మూడు దశాబ్దాలకు పైగా ఆ విభాగం చర్చావేదికగానే నడిచింది. ఏడాదికోసారి కలవడం, ఎవరో ఒకరు పత్రం చదవడం, మాట్లాడుకోవడం, ఎవరి ఊరికి వారు వెళ్లిపోవడం. మంచి మాటలు చాలా జరిగి ఉంటాయి. ఒక మహాసభకూ మరో మహాసభకూ మధ్య ఉన్న పన్నెండు నెలల్లో పని చేయడానికి మాత్రం ఎవరికీ అధికారం లేదు. 1923లో విభాగం మొదటిసారి ఉపనియమాలు ఆమోదించుకుంది. వాటి ముఖ్య ఫలితం, సభల మధ్య కాలంలో వ్యవహారం చూసే ఒక నిర్వహణ మండలి ఏర్పడటం. చూడటానికి ఇది ఒక చిన్న వాక్యమే. కానీ ఉత్తరం వస్తే జవాబు రాసే బాధ్యత, తీర్మానాన్ని వెంటపడి అమలు చేయించే బాధ్యత ఆ వాక్యంతోనే ఒకరి మీద పడ్డాయి.

1938లో మరో అడుగు పడింది. విభాగం కొత్త నిబంధనావళి రాసుకుని, కళాశాల, రిఫరెన్స్ గ్రంథాలయాల సంఘంగా మారింది. కళాశాలలకు, జూనియర్ కళాశాలలకు, ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలకు, విశ్వవిద్యాలయాలకు అందులో వేరువేరు ఉపవిభాగాలు ఏర్పడ్డాయి. మూడువేల పుస్తకాల కళాశాలకూ, పది లక్షల పుస్తకాల విశ్వవిద్యాలయానికీ ఉన్న సమస్యలు ఒకటి కావని ఆ అమరిక ఒప్పుకుంది. 1940లో మాతృసంఘం దాన్ని తన మొట్టమొదటి డివిజన్‌గా గుర్తించింది. 1939 డిసెంబరులో మొదలైన దాని పత్రిక ఇవాళ్టికీ నడుస్తోంది.

గుర్తింపు వచ్చినంత మాత్రాన గొడవ తీరలేదు. చందాలో తమ వాటా ఎంత, తమకంటూ పూర్తికాలపు కార్యదర్శి ఎందుకు లేరు అని కళాశాలల వారు అడుగుతూ వచ్చారు. 1946 నాటికి మాతృసంఘం నుంచి విడిపోదామన్నంత వరకూ వెళ్లింది మాట. 1947లో మాతృసంఘం తన కార్యాలయంలోనే వారికొక కార్యనిర్వాహక కార్యదర్శిని నియమించడంతో ఆ ఉద్రిక్తత తగ్గింది. 1958లో పేరులోని రిఫరెన్స్ అనే మాట పోయి, దాని స్థానంలో పరిశోధన చేరింది. ఇదంతా జరిగింది నిబంధనల భాషలోనే. ఎవరి అధికారం ఎక్కడిదాకా, ఏ డబ్బు ఎవరిది అని కాగితం మీద రాసి ఉన్నందువల్ల, అలిగి లేచిపోవడానికి ముందు బేరం ఆడటానికి వారికి చోటు దొరికింది.

ఆ సంఘం చేసిన పనుల్లో రెండు మన కళాశాలల వారికి సూటిగా తగులుతాయి. కళాశాల గ్రంథాలయాల ప్రమాణాలను అది 1959లో ప్రకటించి, 1975లో సవరించింది. సవరించిన వాటిలో ఒక లెక్క ఉంది: మూలంగా 85,000 పుస్తకాలు ఉండాలి, దానికి ఒక్కో పూర్తికాల అధ్యాపకుడికి వంద, ఒక్కో పూర్తికాల విద్యార్థికి పదిహేను చొప్పున కలపాలి. మన కళాశాలలకు ఆ సంఖ్యలు సరిపోవు. అయినా, ఎన్ని పుస్తకాలు కావాలో చెప్పే అధికారం యాజమాన్యానికే వదలకుండా వృత్తిలో ఉన్నవారు తామే లెక్క కట్టారన్నది గమనించాల్సిన సంగతి. రెండోది, 1971లో కళాశాల లైబ్రేరియన్లకు అధ్యాపక హోదా ఉండాలంటూ వెలువరించిన ప్రమాణాలు.

మన దేశంలో ఈ రెండో మాట అంతకంటే ముందే వచ్చింది. 1957లో యూజీసీ వేసిన గ్రంథాలయ కమిటీకి ఎస్.ఆర్. రంగనాథన్ అధ్యక్షులు. గ్రంథాలయ సిబ్బంది హోదా, జీతం బోధనా సిబ్బందితో సమానంగా ఉండాలని ఆ కమిటీ చెప్పింది. 2018 నాటి యూజీసీ నిబంధనల్లో కళాశాల లైబ్రేరియన్‌కు అర్హతలు, పదోన్నతి దశలు అధ్యాపకుల వాటికి సమాంతరంగానే ఉన్నాయి. అయినా ఒక కళాశాలలో లైబ్రేరియన్‌ను బోధనా సిబ్బంది హాజరు పట్టీలో రాస్తారు, మరో చోట ఆఫీసు వాళ్లతో కలిపేస్తారు. కాగితం మీద ఉన్న హోదా కళాశాల గేటు దాటి లోపలికి రావాలంటే దాన్ని గుర్తుచేస్తూ ఉండే సంఘం కావాలి.

మన దగ్గర అలాంటి సంఘాన్ని ఏ చట్టం కింద పెడతారు? దేశంలో చాలాచోట్ల ఇప్పటికీ 1860 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టమే ఆధారం. భారత శిక్షాస్మృతి వచ్చిన ఏడాదే వచ్చింది ఇది. ఇంగ్లండులో 1854లో సాహిత్య, శాస్త్ర సంస్థల కోసం చేసిన చట్టాన్ని చూసి దీన్ని రాశారు. ఏడుగురు కలిస్తే సొసైటీ పెట్టుకోవచ్చు. ఏ ఏ పనుల కోసం పెట్టుకోవచ్చో చెప్పే 20వ సెక్షన్‌లో, సభ్యుల కోసం గానీ ప్రజలందరి కోసం గానీ గ్రంథాలయాలు, పఠనమందిరాలు నెలకొల్పి నడపడం అనే మాట పేరుపెట్టి ఉంది. 160 ఏళ్లకు పైబడిన ఆ రోజుల్లో కలకత్తాలో చట్టం రాసినవారి మనసులో గ్రంథాలయానికి ఒక స్థానం ఉందని తెలిస్తే సంతోషంగా ఉంటుంది.

తెలుగు ప్రాంతాల కథ కొంచెం వేరు. ఆంధ్ర జిల్లాల్లో 1860 చట్టం, హైదరాబాద్ రాష్ట్రం నుంచి వచ్చిన జిల్లాల్లో 1350 ఫసలీ నాటి ప్రత్యేక చట్టం చాలాకాలం పక్కపక్కనే నడిచాయి. 2001లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ 35వ చట్టంగా కొత్త సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం తెచ్చి ఆ రెండింటి స్థానంలో దీన్ని పెట్టింది. దీని కింద నమోదైన సొసైటీకి చట్టం దృష్టిలో ఒక వ్యక్తిలా సొంత ఉనికి ఉంటుంది. కార్యవర్గానికీ సభ్యులకూ తగాదా వస్తే 23వ సెక్షన్ కింద మధ్యవర్తిత్వానికి వెళ్లవచ్చు, లేదా జిల్లా కోర్టుకు వెళ్లవచ్చు. 2014 జూన్ 2 తర్వాత మరో చిక్కు వచ్చింది. కార్యక్షేత్రం ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమంతా అని రాసుకున్న పాత నిబంధనావళికి ఆ రోజు నుంచి అర్థం మారిపోయింది. ఒక్క అక్షరం మార్చకుండానే తెలంగాణ సభ్యుడు తన సంఘం సరిహద్దు బయట పడ్డాడు. కార్యక్షేత్రం అనే క్లాజును లాంఛనంగా రాసేసే అలవాటు ఎంత ఖరీదైనదో ఆ ఏడాది తెలిసింది.

ఇక సభ్యత్వం. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే సంఘం స్వభావమంతా ఈ క్లాజులోనే నిర్ణయమవుతుంది.

1914 ఏప్రిల్ 10న బెజవాడ రామమోహన గ్రంథాలయంలో చిలకమర్తి లక్ష్మీనరసింహం అధ్యక్షతన జరిగిన సభలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది. దాని వెనుక ఉన్న శక్తి అయ్యంకి వెంకటరమణయ్య. అది ఉద్యమ సంఘం. గ్రంథాలయం కావాలనుకునే వకీలు, రైతు, ఉపాధ్యాయుడు, పత్రికా రచయిత అందరూ అందులోకి వస్తారు, రావాలి కూడా. 1928లో పుట్టిన మద్రాసు గ్రంథాలయ సంఘానికి రంగనాథన్ కార్యదర్శి. అది ఉద్యమంతో పాటు వృత్తినీ పట్టుకుంది. 1929లో లైబ్రేరియన్లకు వేసవి శిక్షణ మొదలుపెట్టింది. 1931లో గ్రంథాలయ శాస్త్రానికి రంగనాథన్ చెప్పిన పంచసూత్రాల గ్రంథాన్ని ప్రచురించింది కూడా ఆ సంఘమే. సంఘం ఉద్దేశాల్లో శిక్షణ, ప్రచురణ అని ముందే రాసుకుంటేనే కార్యదర్శి రేపు వాటి మీద డబ్బు ఖర్చు పెట్టగలడు.

ఉద్యమ సంఘానికి తలుపులు బార్లా తెరిచి ఉండాలి. వృత్తి సంఘానికి ఒక గడప కావాలి. ఆ గడప ఎంత ఎత్తు ఉండాలన్నదే చర్చ. గ్రంథాలయ శాస్త్రంలో పట్టా ఉండి, ఏదో ఒక కళాశాలలో ఆ పని చేస్తున్నవారు సభ్యులు అంటే చాలామందికి సరిపోతుంది. కానీ మన కళాశాలల వాస్తవం చూడండి. రెగ్యులర్ పోస్టు ఖాళీగా ఉండి కాంట్రాక్టు లైబ్రేరియన్ పనిచేస్తున్న చోట్లున్నాయి. అసలు లైబ్రేరియనే లేక ఒక లెక్చరర్‌కు ఇన్‌చార్జి బాధ్యత ఇచ్చిన చోట్లున్నాయి. ప్రైవేటు కళాశాలల్లో ఏడాదికో యాజమాన్యం దగ్గరికి మారే యువ లైబ్రేరియన్లున్నారు. రిటైరైన పెద్దలున్నారు, లైబ్రరీ సైన్స్ చదువుతున్న విద్యార్థులున్నారు.

వీరిలో ఓటు ఎవరికి? కాంట్రాక్టు లైబ్రేరియన్‌కూ, ప్రైవేటు కళాశాల లైబ్రేరియన్‌కూ పూర్తి ఓటు ఉండాలి. సంఘం అవసరం అందరికంటే ఎక్కువ ఉన్నది వారికే. పర్మినెంటు ఉద్యోగులకే ఓటు అని రాసుకున్న సంఘం కొన్నేళ్లలో పదోన్నతుల జాబితా గురించి మాత్రమే మాట్లాడే సంఘంగా కుంచించుకుపోతుంది. ఇన్‌చార్జి లెక్చరర్‌ను అనుబంధ సభ్యుడిగా తీసుకుని శిక్షణ తరగతులకు పిలవవచ్చు. రిటైరైనవారికి గౌరవ సభ్యత్వం, సలహా చెప్పే హక్కు ఇస్తే సరిపోతుంది. ఉద్యోగం విడిచి పదేళ్లయిన వారు కార్యదర్శి కుర్చీలో కూర్చుంటే, ఇప్పటి సాఫ్ట్‌వేర్ కష్టాలు, ఈ-పత్రికల వాడకం వారి మాటల్లోకి రావు.

చందా బకాయి సంగతి కూడా ఇక్కడే తేల్చుకోవాలి. మన రెండు రాష్ట్రాల్లో ఇప్పుడు అమల్లో లేకపోయినా నమూనాగా పనికొచ్చే 1860 చట్టం ప్రకారం, మూడు నెలలకు మించి చందా బకాయి పడినవారికి ఓటు లేదు, వారిని సభ్యుల లెక్కలోకే తీసుకోరు. న్యాయమైన నియమమే. అయితే దీన్ని ఎన్నికల ముందు ఆయుధంగా వాడే ప్రమాదం ఉంది. రసీదు పుస్తకం జిల్లా కేంద్రానికి పంపకుండా, గడువు దాటాక దూరపు జిల్లాల వారి పేర్లు తీసేయడం కష్టమేమీ కాదు. కాబట్టి బకాయిదారుకు నెల రోజుల ముందు లిఖితపూర్వకంగా తెలియజేయాలని, చందాను ఆన్‌లైన్‌లో ఏ రోజైనా కట్టే వీలుండాలని, ఓటర్ల జాబితాను ఎన్నికకు పక్షం రోజుల ముందు అందరికీ పంపాలని నిబంధనావళిలోనే రాసుకోవాలి.

కోరం గురించి చాలా సంఘాల్లో ఒక వాక్యం ఒకదాన్నుంచి ఒకటి నకలు అవుతూ వస్తోంది. సభ్యుల్లో మూడో వంతు వస్తే కోరం అని మొదటి వాక్యం. కోరం లేకపోతే సమావేశం అరగంట వాయిదా పడి, అదే చోట మళ్లీ మొదలవుతుంది, అప్పుడు కోరం అక్కర్లేదు అని రెండో వాక్యం. సంఘంలో 300 మంది ఉన్నారనుకుందాం. ఆదివారం పది గంటలకు విజయవాడలో పాతిక మంది చేరారు. పదిన్నరకు అదే పాతిక మంది మూడువందల మంది పేరున ఏదైనా చేయవచ్చు. వార్షిక నివేదిక ఆమోదించడానికి ఈ వెసులుబాటు ఉండవచ్చు. కార్యవర్గం ఎన్నిక, చందా పెంపు, నిబంధనల సవరణ ఈ మూడింటికీ ఉండకూడదు.

ఎందుకు రాలేదు మిగతా 275 మంది? బద్ధకం వల్ల అనేయడం తేలిక. ఒంటరి లైబ్రేరియన్‌కు శనివారం సాయంత్రం దాకా డ్యూటీ. రాత్రి బస్సు ఎక్కి, ఆదివారం సభ ముగించుకుని, మళ్లీ రాత్రి బస్సులో తిరిగి సోమవారం ఉదయం గది తాళం తీయాలి. చిన్న పిల్లలున్న మహిళా లైబ్రేరియన్లకు అది మరీ కష్టం. ఒకే ఊళ్లో ఒకే రోజు ఓటింగ్ అని రాసిన నిబంధన వీరందరినీ పక్కన పెడుతుంది. పోస్టు ద్వారా ఓటు, ఇప్పుడైతే ఎలక్ట్రానిక్ ఓటు, జోన్ కేంద్రాల్లో సమావేశాలు వంటి ఏర్పాట్లు అనుమతి కోసం ఎదురుచూసే సౌకర్యాలుగా కాక సభ్యుడి హక్కులుగా నిబంధనావళిలో ఉండాలి.

ఆశ్చర్యంగా, ఆ 1860 చట్టం ఈ దూరపు సభ్యుడిని మరిచిపోలేదు. సంఘం ఉద్దేశాలను మార్చాలన్నా, మరో సంఘంతో కలవాలన్నా 12వ సెక్షన్ ఒక పద్ధతి పెట్టింది. ప్రతిపాదనను నివేదికగా రాసి, ప్రత్యేక సమావేశానికి పది రోజుల ముందు ప్రతి సభ్యుడికీ అందజేయాలి, లేదా పోస్టులో పంపాలి. స్వయంగా గానీ ప్రతినిధి ద్వారా గానీ సభ్యుల్లో ఐదింట మూడు వంతుల ఓటు పడాలి. అంతటితో అయిపోదు. నెల రోజుల ఎడంతో రెండో ప్రత్యేక సమావేశం పెట్టి, హాజరైనవారిలో ఐదింట మూడు వంతుల మంది దాన్ని మళ్లీ ఖాయం చేయాలి. టెలిఫోన్ లేని రోజుల్లో, రైలు దారులు అప్పుడప్పుడే పడుతున్న దేశంలో రాసిన నియమం ఇది. ఇవాళ వాట్సాప్ గ్రూపులో శుక్రవారం అజెండా పెట్టి ఆదివారం తీర్మానం చేసే సంఘాలు ఆ సెక్షన్‌ను ఒకసారి చదవాలి.

పదవీకాలం విషయంలో అమెరికా కళాశాల గ్రంథాలయాల సంఘం పాటించే ఒక ఏర్పాటు బాగుంది. సభ్యులు ఎన్నుకునేది ఉపాధ్యక్షుడిని. ఆ వ్యక్తి ఏడాది పాటు పని నేర్చుకుని, రెండో ఏడాది అధ్యక్షుడవుతాడు, మూడో ఏడాది మాజీ అధ్యక్షుడిగా మండలిలోనే ఉండి కొత్తవారికి తోడ్పడతాడు. జీతం తీసుకునే కార్యనిర్వాహక డైరెక్టరు మండలిలో కూర్చుంటారు, వారికి ఓటు ఉండదు. ఒకే మనిషి పదిహేనేళ్లు ప్రధాన కార్యదర్శిగా ఉండే అవకాశాన్ని ఈ గొలుసు తీసేస్తుంది. మన దగ్గర మాత్రం ఏడాది అధ్యక్షత చాలదు. సచివాలయంలో ఒక ఫైలు కదలడానికే ఏడాది పడుతుంది. రెండేళ్ల చొప్పున ఇదే గొలుసును పెట్టుకుని, ఒకే పదవిలో వరుసగా రెండు దఫాలకు మించకూడదని రాసుకుంటే మన పరిస్థితికి కుదురుతుంది.

డబ్బు విషయంలో ఎక్కువ చెప్పనక్కర్లేదు. బ్యాంకు ఖాతాకు ఇద్దరి సంతకాలు, ఏటా ఆడిట్, ఆడిట్ నివేదిక సమావేశానికి ముందే సభ్యుల చేతికి. జీవిత సభ్యత్వం కింద ఒక్కసారిగా వచ్చిన సొమ్మును ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉంచి, వడ్డీ మాత్రమే వాడుకోవాలి. అసలును మహాసభ భోజనాల మీద ఖర్చు చేసిన సంఘానికి పదేళ్ల తర్వాత సభ్యులు ఉంటారు గానీ చందా రాదు.

సమావేశం నడిపే తీరు గురించి నిబంధనావళుల్లో సాధారణంగా ఒక్క ముక్కా ఉండదు. హెన్రీ మార్టిన్ రాబర్ట్ అనే అమెరికా సైనిక ఇంజనీరును న్యూ బెడ్‌ఫర్డ్ పట్టణంలోని ఒక చర్చిలో సభకు అధ్యక్షత వహించమన్నారు. ఎలా నడపాలో తెలియక, ఆ సభ రసాభాస అయింది. ఇకపై పద్ధతి తెలియకుండా ఏ సభకూ వెళ్లకూడదని పట్టుబట్టి చదివి, ఆయన 1876లో సభా నియమాల పుస్తకం తెచ్చారు. అమెరికా గ్రంథాలయ సంఘం పుట్టిన ఏడాదే అది. ఇప్పటికీ అక్కడి ఎన్నో వృత్తి సంఘాల నిబంధనావళుల్లో, ఇందులో చెప్పని విషయాలకు రాబర్ట్ నియమాలు వర్తిస్తాయి అనే వాక్యం కనిపిస్తుంది. మనం ఆ లావుపాటి పుస్తకాన్ని దిగుమతి చేసుకోనక్కర్లేదు. ఒకసారికి ఒకే తీర్మానం, సవరణ వస్తే ముందు దాని మీద ఓటు, అనుకూలంగా ఒకరు మాట్లాడితే తర్వాత వ్యతిరేకంగా ఒకరు, ఒకసారీ మాట్లాడని వారికి రెండోసారి అడిగేవారి కంటే ముందు అవకాశం. ఈ నాలుగు మాటలూ నిబంధనావళిలో ఉంటే, ఎప్పుడూ లేవని చిన్న కళాశాల లైబ్రేరియన్ కూడా లేచి మాట్లాడతారు.

వృత్తి నీతి అనే భాగం మన సంఘాల కాగితాల్లో అరుదు. అమెరికా గ్రంథాలయ సంఘం 1938 డిసెంబరులో నీతి నియమావళిని ఆమోదించింది. పాఠకుడి గురించి పనిలో తెలిసిన సొంత విషయాలను బయటపెట్టకూడదని అందులోనే ఉంది. ఏ విద్యార్థి ఏ పుస్తకం తీసుకున్నాడో యాజమాన్యమో, మరొకరో జాబితా అడిగినప్పుడు, మా సంఘం నియమం ఇలా ఉందని చూపించగలిగితే ఒంటరి లైబ్రేరియన్‌కు అది గట్టి దన్ను. ఇప్పుడు ఆ వివరాలన్నీ సోల్, కోహా వంటి గ్రంథాలయ సాఫ్ట్‌వేర్‌లో ఒక్క మీట దూరంలో ఉన్నాయి కాబట్టి దన్ను మరింత అవసరం. నియమం తప్పిన సభ్యుడి మీద చర్య తీసుకునే ముందు నోటీసు ఇవ్వాలి, జవాబు వినాలి, ఫిర్యాదు చేసినవారు విచారణ బృందంలో ఉండకూడదు. ఇదీ రాసుకోవాలి.

నిబంధనావళిని ఇలా చదవాలనుకునే సభ్యుడికి, సంఘం ఆఫీసులో ప్రతి దొరకకపోయినా దారి మూసుకుపోదు. 1860 చట్టం అమల్లో ఉన్న చోట్ల, దాని 19వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రారు దగ్గర దాఖలైన పత్రాలను ఒక్క రూపాయి రుసుముతో ఎవరైనా చూడవచ్చు, విడిగా రుసుము కట్టి నకలు తీసుకోవచ్చు. కార్యవర్గం పేర్ల జాబితాను కూడా వార్షిక సమావేశం జరిగిన పద్నాలుగు రోజుల్లోగా ఏటా అక్కడ దాఖలు చేయాలని 4వ సెక్షన్ చెబుతుంది. జాబితా ఏ ఏడాదితో ఆగిపోయిందో చూస్తే ఆ సంఘం ఆరోగ్యం తెలిసిపోతుంది.

సాధారణంగా నిబంధనావళి చివరి క్లాజు రద్దు గురించి ఉంటుంది. సంఘం పెట్టే రోజున దాని గురించి మాట్లాడటం అశుభమనిపించి, తొందరగా ఆమోదించేస్తారు. సభ్యుల్లో ఐదింట మూడు వంతుల మంది కోరితే తప్ప సంఘాన్ని రద్దు చేయడానికి వీల్లేదని, అప్పులు తీరాక మిగిలినది సభ్యులు పంచుకోకూడదని, మరో సొసైటీకే చేరాలని 1860 చట్టం అంటోంది. ఏ సొసైటీకి అన్నది హాజరైన సభ్యుల్లో ఐదింట మూడు వంతులు తేల్చాలి, లేకపోతే కోర్టు తేలుస్తుంది. డబ్బు సంగతి అలా తేలుతుంది. మినిట్స్ పుస్తకాలు, పాత సంచికలు, ప్రభుత్వంతో నడిపిన ఉత్తర ప్రత్యుత్తరాల ఫైళ్లు, ఇన్నేళ్ల సభ్యుల రిజిస్టర్ల సంగతో? అవి ఏ గ్రంథాలయంలో భద్రంగా ఉండాలో పేరుతో సహా రాసిపెట్టడం లైబ్రేరియన్ల సంఘానికి తెలిసిన పనే. ఆ ఒక్క వాక్యాన్ని వచ్చే సర్వసభ్య సమావేశం అజెండాలో ఎవరైనా చేర్చవచ్చు. ప్రతిపాదన మాత్రం పది రోజుల ముందు, పాడేరుకూ ఉట్నూరుకూ కూడా అందాలి.